పెద్ద ప్రింటులో ఫోటో ఎందుకు పగులుతుంది?

ఇంట్లో పెద్దాయన పోయారు. దశదిన కర్మ లోపల పటం కట్టించాలి. మంచి ఫోటో కోసం అందరి ఫోన్లూ వెతికితే, కిందటేడు మేనకోడలి పెళ్లిలో తీసిన గ్రూప్ ఫోటో ఒక్కటి దొరికింది. అది కూడా ఎవరో ఫ్యామిలీ గ్రూపులో పెట్టినది. అందులోంచి ముఖం వరకు కత్తిరించి 20×24 సైజులో వేసివ్వమని ఏ అమీర్‌పేటలోనో, దిల్‌సుఖ్‌నగర్‌లోనో ల్యాబ్‌కి వెళ్తారు. ‘ఫోటో పగులుతుందండి’ అంటాడు కౌంటర్‌లో కుర్రాడు. ‘ఫోన్‌లో ఇంత క్లియర్‌గా ఉంది కదా బాబూ’ అంటారు వీళ్లు. ఇద్దరు చెప్పేదీ నిజమే. ఆ రెండు నిజాల మధ్య ఏం జరుగుతుందో తెలియక డబ్బు, సమయం పోతాయి. అంతకన్నా ముఖ్యంగా, మళ్లీ తీయలేని ఫోటో గోడ మీద మసకగా మిగిలిపోతుంది.

క్లుప్తంగా: పెద్ద ప్రింటు బాగా రావడం మెషీన్ కన్నా, మెగాపిక్సెళ్ల కన్నా మూడు విషయాల మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. కెమెరా నుంచి ల్యాబ్ దాకా ఫైలు ఏ దారిన వచ్చింది, ఫోటో తీసినప్పుడు ఫోకస్, చేతి కదలిక ఎలా ఉన్నాయి, ప్రింటును ఎంత దూరం నుంచి చూస్తారు అన్నవే ఆ మూడు. మొదటి రెండింట్లో పోయినదాన్ని ల్యాబ్ తిరిగి తేలేదు.

ఫోన్‌లో బాగున్నది గోడ మీద ఎందుకు బాగుండదు

డిజిటల్ ఫోటో అంటే పిక్సెళ్లు అనే రంగు చుక్కల పట్టిక. ఆరున్నర అంగుళాల ఫోన్ స్క్రీన్‌లో అంగుళానికి సుమారు 400 చుక్కలు ఇరికించి ఉంటాయి. 1,600 చుక్కల వెడల్పున్న చిన్న ఫైలు కూడా అక్కడ కత్తిలా కనిపిస్తుంది. అదే ఫైలును 36 అంగుళాల వెడల్పుకి సాగదీస్తే అంగుళానికి 44 చుక్కలే మిగులుతాయి. ఫైలు మారలేదు, అదే చారెడు పిండిని పెద్ద పెనం మీద పరిచినట్టయింది.

24 మెగాపిక్సెళ్ల కెమెరా ఇచ్చే ఫోటో 6,000 చుక్కల వెడల్పు, 4,000 చుక్కల ఎత్తు ఉంటుంది. అంగుళానికి 300 చొప్పున వేస్తే 20×13 అంగుళాలు నిండుగా వస్తుంది. 150 చొప్పున వేస్తే 40×26 వరకు సాగుతుంది. మామూలు ఫోన్ కెమెరా 12 మెగాపిక్సెళ్ల ఫోటో, అంటే 4,032×3,024 చుక్కలు, 300 లెక్కన 13×10 అంగుళాలకి సరిపోతుంది. చుక్కల సంఖ్యను ప్రింటు అంగుళాలతో భాగిస్తే చాలు, ల్యాబ్‌కి వెళ్లకముందే సగం విషయం తేలిపోతుంది.

వాట్సాప్ దారిలో పోయేదేమిటి

ఇక ఆ గ్రూప్ ఫోటో సంగతి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో పొడవు వైపు సుమారు 1,600 చుక్కలకు తగ్గిపోతుంది. 12 మెగాపిక్సెళ్ల ఫోటోలో మిగిలేది ఆరోవంతు కన్నా తక్కువ. మిగిలినదాన్ని కూడా జేపెగ్ పద్ధతిలో గట్టిగా కుదించి పంపుతుంది. జేపెగ్ ఫోటోను 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు ఉన్న గడులుగా విడగొడుతుంది. ఒక్కో గడిలో కంటికి అంతగా ఆనని సన్న వివరాలను తీసేస్తుంది. రంగుల విషయంలో ఇంకా పొదుపు చూపిస్తుంది. వెలుగునీడలను దాచినంత వివరంగా రంగును దాచదు. ఫోన్ స్క్రీన్ మీద ఈ గడులు చీమ తల కన్నా చిన్నవి కాబట్టి తెలియదు.

ఇప్పుడు దగ్గరికి వెళ్లి చూద్దాం. పదిపన్నెండు మంది నిలబడ్డ ఆ గ్రూప్ ఫోటోలో పెద్దాయన ముఖం వెడల్పు మహా అయితే 80 చుక్కలు. 20×24 పటంలో ఆ ముఖం 8 అంగుళాలు ఉండాలనుకుంటే అంగుళానికి 10 చుక్కలు పడతాయి. ఒక్కో చుక్క రెండున్నర మిల్లీమీటర్లు, అంటే నువ్వు గింజంత. జేపెగ్ గడి ఒక్కొక్కటి 2 సెంటీమీటర్లు. మనిషి ముఖం వెడల్పులో కన్ను సుమారు అయిదోవంతు ఉంటుంది కాబట్టి, కన్ను మొత్తం అడ్డంగా 16 చుక్కల్లో ముగిసిపోతుంది. నుదుటి మీది బొట్టు ఒక్క గడిలో ఇమిడిపోతుంది. కనుపాప, రెప్పల వెంట్రుకలు, కళ్లజోడు అంచు, కంటి కింది ముడతలు అన్నీ ఆ 16 చుక్కలే చెప్పాలి. చెప్పలేవు. ల్యాబ్ కుర్రాడు ‘పగులుతుంది’ అన్న మాటకు అర్థం ఇదే.

అదే ఫోటో ఒరిజినల్ ఫైలు దొరికితే ముఖం 200 చుక్కలుంటుంది. అదీ 20×24కి చాలదు, కానీ కాస్త దూరం నుంచి చూసే 8×10కి మర్యాదగా సరిపోతుంది. అందుకే ఇలాంటప్పుడు చేయాల్సిన మొదటి పని ల్యాబ్‌కి పరుగెత్తడం కాదు, ఆ ఫోటో ఎవరి ఫోన్‌తో తీశారో కనుక్కోవడం. పెళ్లి ఫోటోగ్రాఫర్ దగ్గర హార్డ్ డిస్క్‌లో పూర్తి సైజు ఫైలు ఉండే అవకాశమూ ఉంది. ఫోన్లో ఉన్నదాన్ని పంపేటప్పుడు ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు చెక్కుచెదరకుండా వస్తుంది. 2023లో వచ్చిన హెచ్‌డీ ఎంపిక కొంత మెరుగే కానీ అందులోనూ కుదింపు ఉంటుంది. స్క్రీన్‌షాట్ తీసి పంపడం అన్నిటికన్నా చెడ్డ దారి.

డీపీఐ అనే చిక్కుముడి

‘ఫైలు 72 డీపీఐలో ఉంది, 300కి మార్చి తీసుకురండి’ అన్న మాట చాలా కౌంటర్లలో వినిపిస్తుంది. డీపీఐ అంటే అంగుళానికి ఎన్ని చుక్కలో చెప్పే లెక్క. ఫైలులో రాసి ఉండే ఆ అంకె ఒక చీటీ లాంటిది. ఈ ఫోటోను ఎంత సైజులో వేస్తే బాగుంటుందో చెప్పే సూచన మాత్రమే. 6,000×4,000 చుక్కల ఫోటోలో 72 అని ఉన్నా 300 అని ఉన్నా చుక్కలు 2 కోట్ల 40 లక్షలే. చీటీ మీద అంకె మార్చినంత మాత్రాన కొత్త వివరం రాదు. సాఫ్ట్‌వేర్‌లో చుక్కల సంఖ్యనే పెంచితే, పక్కపక్క చుక్కల రంగులకు సగటు తీసి మధ్యలో కొత్తవి నింపుతుంది. గడులు కనిపించడం తగ్గుతుంది, మసక మాత్రం అలాగే ఉంటుంది.

దీనికి తోడు ప్రింటర్ మీద రాసే 1440, 2880 లాంటి అంకెలు ఇంకో అయోమయం. అవి ఇంకు చుక్కల లెక్క. ఇంక్‌జెట్ ప్రింటర్ దగ్గర ఉండేది కొద్దిపాటి రంగులే. లేత గోధుమ రంగు చర్మఛాయ రావాలంటే అది పసుపు, గులాబీ, నీలం సన్న చుక్కలను పక్కపక్కన చల్లాలి. ఫోటోలోని ఒక్క పిక్సెల్‌కి ఎన్నో ఇంకు చుక్కలు కావాలి. కాబట్టి 1440 ప్రింటర్‌కి అంగుళానికి 1,440 పిక్సెళ్లు ఇవ్వాల్సిన పని లేదు. లేజర్ కాంతితో ఫోటో పేపర్‌ను వెలిగించి, రసాయనాల్లో కడిగే ల్యాబ్ మెషీన్ల పద్ధతి వేరు. అక్కడ ప్రతి చుక్కా తనకు కావలసిన ఛాయను తానే తీసుకుంటుంది. అందుకే అంగుళానికి 300 దగ్గరే ఆ ప్రింటు అంత నునుపుగా కనిపిస్తుంది.

చూసే దూరమే అసలు కొలత

300 అన్నది శాసనం కాదు. చేతిలో పట్టుకుని అడుగు దూరం నుంచి చూసే ప్రింటుకు సరిపడే లెక్క. ఆరోగ్యమైన కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణం దాకా రెండు గీతలను విడివిడిగా గుర్తుపడుతుంది. దీని ప్రకారం అడుగు దూరంలో అంగుళానికి 290 చుక్కల దాకా అవసరం. రెండు అడుగుల్లో 143 చాలు. ఆరడుగుల్లో 48, పదడుగుల్లో 29.

ఫంక్షన్ హాలు గేటు దగ్గర 8×10 అడుగుల ఫ్లెక్సీలో వధూవరుల ఫోటో బాగానే కనిపించడానికి కారణం ఇదే. 24 మెగాపిక్సెళ్ల ఫోటోను 120 అంగుళాలకు సాగదీస్తే అంగుళానికి 50 చుక్కలు. కారు దిగి నడిచొచ్చే బంధువులకి అది ధారాళంగా సరిపోతుంది. అదే ఫ్లెక్సీకి ముఖం ఆనించి చూస్తే ఇంకు చుక్కలు ఇసుక చల్లినట్టు ఉంటాయి. ఎవరూ అలా చూడరు.

అపార్ట్‌మెంట్ హాల్లో సోఫా వెనక గోడకి తగిలించే 24×36 ఫోటో కథ వేరు. కూర్చున్నవాళ్లు అయిదారు అడుగుల నుంచి చూస్తారు, కానీ ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ లేచి దగ్గరికి వెళ్లి ఎవరెవరున్నారో వేలు పెట్టి చూపిస్తారు. మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో ప్రదర్శనకు పెట్టే ప్రింట్ల దగ్గరా అంతే, ఆసక్తి ఉన్న ప్రేక్షకుడు దూరం పాటించడు. ముఖాలున్న ఫోటోకి, ప్రదర్శన ఫోటోకి అంగుళానికి కనీసం 150, వీలైతే 200 ఉంచుకోవడం మేలు. ఆకాశం, చెరువు నీళ్లు, పొగమంచు లాంటి మెత్తని దృశ్యాలు అంతకన్నా తక్కువలోనూ నిలబడతాయి. కాన్వాస్ మీద వేస్తే గుడ్డ నేత చిన్న లోపాలను కొంత దాస్తుంది.

200 మెగాపిక్సెళ్ల ఫోన్ ఉంటే చాలదా?

ప్రకటనల పుణ్యమా అని ఇప్పుడు ఎక్కువగా వస్తున్న ప్రశ్న ఇది. ఈ తరహా ఫోన్లలో సెన్సర్ (లెన్సు వెనక కాంతిని పట్టే పలక) వెడల్పు సుమారు 10 మిల్లీమీటర్లు, ఒక్కో పిక్సెల్ 0.6 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 24 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో సెన్సర్ 36 మిల్లీమీటర్ల వెడల్పు, పిక్సెల్ 6 మైక్రాన్లు. అంటే ఫోన్ పిక్సెల్ కన్నా కెమెరా పిక్సెల్‌కి వంద రెట్ల చోటు ఉంది. వాన నీళ్లు పట్టడానికి గంగాళం పెట్టడానికీ ఉగ్గుగిన్నె పెట్టడానికీ ఉన్నంత తేడా. వెలుతురు తగ్గే కొద్దీ ఉగ్గుగిన్నెలో పడే కాంతి చాలక రవ్వ పోసినట్టు నాయిస్ వస్తుంది.

రెండో అడ్డంకి కాంతిదే. ఎంత మంచి లెన్సయినా ఒక కాంతి బిందువును బిందువుగా వేయలేదు, చిన్న వృత్తంగానే వేస్తుంది. ఎఫ్ 1.7 లెన్సులో ఆ వృత్తం సుమారు 2.3 మైక్రాన్లు (ఎఫ్ అంకె లెన్సు రంధ్రం కొలత, అంకె పెరిగే కొద్దీ రంధ్రం చిన్నదవుతుంది). అడ్డంగా చూస్తే 0.6 మైక్రాన్ల పిక్సెళ్లు దాదాపు నాలుగింటి మీద అది పరుచుకుంటుంది. కాబట్టి 20 కోట్ల చుక్కలూ 20 కోట్ల వివరాలు కావు. తయారీదార్లకూ ఈ సంగతి తెలుసు కాబట్టే ఆ ఫోన్లు మామూలుగా 16 పిక్సెళ్లను ఒకటిగా కలిపి 12 మెగాపిక్సెళ్ల ఫోటోనే ఇస్తాయి. మిట్టమధ్యాహ్నం ఎండలో చార్మినార్‌ను తీస్తే పూర్తి 200లో కొంత అదనపు వివరం కనిపిస్తుంది. రాత్రి సంగీత్‌లో తీస్తే ఏమీ కనిపించదు.

సాగదీత నిష్పత్తి కూడా చూడాలి. 36 అంగుళాల ప్రింటు వేస్తే ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ మీది బొమ్మ 25 రెట్లు పెరుగుతుంది. ఫోన్ సెన్సర్ మీది బొమ్మ 90 రెట్లకు పైగా పెరుగుతుంది. ఇదే కొలతతో వెనక్కి చూస్తే హైదరాబాద్‌కే చెందిన ఒక పాత ఉదాహరణ ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ (1844–1905) గాజు పలకల మీద ఫోటోలు తీసేవారు. ఆ కాలపు కాంటాక్ట్ ప్రింటు పద్ధతిలో పలకను కాగితానికి ఆనించి ఎండకు పెట్టేవారు. పలక ఎంతో ప్రింటు అంత, సాగదీత సున్నా. అలా వేసిన పాత ప్రింట్లను భూతద్దంతో చూసినా తలపాగా మడతలు లెక్కపెట్టగలిగేది అందుకే. కెమెరాకు ముక్కాలి స్టాండు, మనుషులకు కదలకుండా ఉండే ఓపిక అప్పట్లో తప్పనిసరి. పెద్ద ప్రింటు కావాలనుకునేవారికి ఇప్పటికీ అవే అక్కరకొస్తాయి.

చిన్న వణుకు, పెద్ద మచ్చ

ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ మీద 0.02 మిల్లీమీటర్ల వణుకు 36 అంగుళాల ప్రింటులో అర మిల్లీమీటరు మసక అవుతుంది. కెమెరా వెనక స్క్రీన్‌లో అది కనిపించదు. ఫోకస్‌దీ ఇదే సమస్య. లెన్సు పుస్తకాల్లో ‘ఇక్కడి నుంచి ఇక్కడి దాకా షార్ప్’ అని చెప్పే లెక్కలు చేతిలో పట్టుకునే 8×10 ప్రింటును దృష్టిలో పెట్టుకుని కట్టినవి. గ్రూప్ ఫోటోలో ముందు వరుస పిల్లలు, వెనక వరుస మామయ్యలు ఇద్దరూ 8×10లో బాగానే ఉంటారు. 24×36లో చూస్తే వెనక వరుస మెత్తబడి ఉంటుంది. పెద్ద ప్రింటు వేయాలని ముందే తెలిస్తే ఎఫ్ 2.8 బదులు ఎఫ్ 8 పెట్టాలి, వరుసలను దగ్గరగా జరపాలి.

గాలినీ లెక్కలోకి తీసుకోవాలి. మే నెల మధ్యాహ్నం కుతుబ్‌షాహీ సమాధుల వైపు నుంచి గోల్కొండ కోటను టెలిఫోటో లెన్సుతో తీస్తే, నేల మీంచి లేచే వేడిగాలి రాళ్ల అంచులను కరిగించేస్తుంది. ఎంత ఖరీదైన కెమెరా అయినా ఆ ఫోటో పెద్ద సైజుకి పనికిరాదు. వాన వెలిసిన మర్నాడు ఉదయం తీసినది పనికొస్తుంది.

12 అంగుళాల రోలు, తెగిపోయే తలలు

పెళ్లి ఆల్బమ్ ఎక్కువగా 12×36లోనే ఎందుకు వస్తుంది అన్నదానికి సమాధానం మెషీన్‌లో ఉంది. చాలా డిజిటల్ ల్యాబ్ మెషీన్లలో పట్టే పేపర్ రోలు వెడల్పు గరిష్ఠంగా 12 అంగుళాలు. పొడవు అంతకన్నా చాలా ఎక్కువ వదలొచ్చు కాబట్టి 36 దాకా లాగుతారు, మధ్యలో మడిస్తే రెండు పేజీలు. అంతకన్నా వెడల్పు కావాలంటే సాధారణంగా 24, 44, 64 అంగుళాల రోళ్లు పట్టే ఇంక్‌జెట్‌కి మారాలి. కాబట్టి ఆల్బమ్‌లో చూసిన మెరుపు, గోడ ఫోటోలో చూసిన మెరుపు ఒకేలా ఉండకపోతే మోసం జరిగినట్టు కాదు, పద్ధతే వేరు.

కొలతల నిష్పత్తి ఇంకో చోట దెబ్బ తీస్తుంది. కెమెరా ఫోటో 3:2, ఫోన్ ఫోటో 4:3. ఫ్రేము షాపుల్లో దొరికే 16×20 నిష్పత్తి 5:4, 20×24ది 6:5. కెమెరా ఫోటోను 20×24కి వేస్తే పొడవు వైపు అయిదోవంతు తెగిపోతుంది. చివర నిలబడ్డ పిన్నిగారు సగమే మిగులుతారు. కెమెరా ఫోటోకి 12×18, 20×30, 24×36 ఎంచుకుంటే ఏదీ తెగదు.

ప్రింటు చీకటిగా ఎందుకు వస్తుంది

స్క్రీన్ తానే వెలుగుతుంది. కాగితం మన ఇంటి వెలుతురునే వెనక్కి పంపుతుంది. రాత్రి ట్యూబ్‌లైటు కింద తెల్ల కాగితం వెనక్కి ఇచ్చే కాంతి కన్నా, పూర్తి బ్రైట్‌నెస్‌లో పెట్టిన ఫోన్ వెలుగు ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ స్క్రీన్ మీద చూసి ‘వెలుగు సరిపోయింది’ అనుకున్న ఫోటో ప్రింటులో మబ్బు పట్టినట్టు వస్తుంది. ప్రింటు పని చేసేవారు మానిటర్‌ను చదరపు మీటరుకు 80 నుంచి 120 క్యాండెలాల (వెలుగు కొలత) మధ్య ఉంచుకోవడం అందుకే. ఇంట్లో అంత ఏర్పాటు లేకపోయినా స్క్రీన్ వెలుగును సగానికి తగ్గించి ఒకసారి చూసుకుంటే చాలా వరకు తెలుస్తుంది.

స్టేజీ మీది ఊదా, నీలం ఎల్‌ఈడీ లైట్ల రంగు చాలా వరకు కాగితం మీదికి రాదు. స్క్రీన్ చూపగలిగే కొన్ని గాఢమైన రంగులు ఇంకులకు, ఫోటో పేపర్‌కు అందవు. పట్టుచీర ఎరుపులో మడతలు కనిపించక ఎర్రటి ముద్దలా రావడానికి కారణం అదే. ఫైలులో రంగులను రాసే పద్ధతులు అడోబ్ ఆర్‌జీబీ, ఎస్‌ఆర్‌జీబీ అని వేర్వేరుగా ఉంటాయి. ఫైలును అడోబ్ ఆర్‌జీబీలో ఇచ్చి, ల్యాబ్ దాన్ని ఎస్‌ఆర్‌జీబీ అనుకుని వేస్తే ముఖాలు పాలిపోతాయి. ప్రత్యేకంగా అడగకపోతే ఎస్‌ఆర్‌జీబీలోనే ఇవ్వడం క్షేమం.

పాత ఫోటోలు, ఏఐ ముఖాలు

డిజిటల్ ఫైలు లేని పెద్దల ఫోటోలకు దారి స్కానింగ్. 4×6 ప్రింటును 600 డీపీఐలో స్కాన్ చేస్తే 2,400×3,600 చుక్కలు వస్తాయి. 12×18కి అంగుళానికి 200 చొప్పున సరిపోతాయి, కాస్త మెత్తగా ఉన్నా ముఖం నిలుస్తుంది. అంతకన్నా ఎక్కువ డీపీఐ పెట్టినా కాగితం గరుకు, దుమ్ము తప్ప పెద్దగా కొత్తగా వచ్చేది ఉండదు. పాస్‌పోర్ట్ సైజు ఫోటో నుంచి 16×20 అంటే మాత్రం కష్టం. అయితే చాలామంది ఒక విషయం మర్చిపోతారు. పాత స్టూడియోలు ఫోటోలతో పాటు నెగెటివ్‌లు కూడా కవర్లో పెట్టి ఇచ్చేవి. బీరువా అడుగున ఆ కవరు దొరికితే, 35 మిల్లీమీటర్ల నెగెటివ్‌ను 4,000 డీపీఐలో స్కాన్ చేసి సుమారు 20 మెగాపిక్సెళ్ల ఫైలు తీయొచ్చు. ప్రింటు కన్నా అందులో ఎంతో ఎక్కువ వివరం ఉంటుంది.

ఇప్పుడు కొన్ని చోట్ల ‘ఏఐలో క్లియర్ చేసిస్తాం’ అంటున్నారు. 2021లో అడోబ్ తన కెమెరా రా సాఫ్ట్‌వేర్‌లో పొడవు, వెడల్పు రెండింటినీ రెట్టింపు చేసే సదుపాయం తెచ్చింది. ఆ తర్వాత ఇలాంటి సాధనాలు చాలా వచ్చాయి. ఇవి వేల ఫోటోలను చూసి నేర్చుకుని, ఇక్కడ ఏముండొచ్చో ఊహించి నింపుతాయి. ఆకులు, రాతిగోడలు, బట్టల నేత విషయంలో ఆ ఊహ బాగా పనిచేస్తుంది. ముఖం దగ్గరే ప్రమాదం. 16 చుక్కల కన్నును ఇస్తే అది అందమైన కన్నునే తిరిగి ఇస్తుంది, కానీ ఆ కన్ను నాన్నది కాదు. చెంప మీది పుట్టుమచ్చ పోతుంది, మశూచి మచ్చలు చదునవుతాయి, పన్ను మీది సందు పూడుకుపోతుంది. చూసినవాళ్లు ‘ఎవరో వేరే ఆయనలా ఉన్నారే’ అంటారు. రోజూ దండం పెట్టుకునే పటం విషయంలో ఇది చిన్న పొరపాటు కాదు.

దీనికన్నా మంచి దారి ఉంది. ఫోటోను దాని శక్తికి తగ్గట్టు 8×10లోనే వేయించి, చుట్టూ వెడల్పాటి తెల్ల మౌంట్ బోర్డు పెట్టించి, 16×20 ఫ్రేములో కట్టించడం. గోడ మీద పటం నిండుగా ఉంటుంది, ముఖం మనిషిదే ఉంటుంది. పైగా మౌంట్ బోర్డు వల్ల అద్దానికీ ఫోటోకీ మధ్య సందు ఏర్పడుతుంది. వానాకాలంలో గోడ చెమ్మకి ఫోటో అద్దానికి అతుక్కుపోయి, తీస్తే చర్మంలా ఊడొచ్చే బాధ తప్పుతుంది.

ముందు ఒక ముక్క

24×36 వేయించే ముందు చేయాల్సిన పరీక్ష తేలికైనది. ఫోటోను 24×36 సైజుకి సిద్ధం చేసి, అందులో ముఖాలున్న చోట 8×10 ముక్కను మాత్రమే కత్తిరించి, సైజు మార్చకుండా అదే పేపర్ మీద వేయించాలి. చిన్న ప్రింటు ఖర్చుతో పెద్ద ప్రింటు ఎలా ఉంటుందో చేతిలోకి వస్తుంది. కంప్యూటర్‌లో 100 శాతం జూమ్ చేసి చూడటం దీనికి సాటి రాదు. 24 మెగాపిక్సెళ్ల ఫోటోను మామూలు 24 అంగుళాల మానిటర్‌లో అలా చూడటమంటే అయిదున్నర అడుగుల ప్రింటును అడుగున్నర దూరం నుంచి చూసినట్టు. ఫోటో ఎలాంటిదైనా అక్కడ భయపెడుతుంది.

ముక్కను తెచ్చి, పటం తగిలించబోయే గోడకే టేపుతో అంటించి, పగలు ఒకసారి, రాత్రి లైటు వేసి ఒకసారి చూడాలి. చీకటిగా ఉంటే ఫైలులో వెలుగు కొంచెం పెంచుకోవాలి. ముఖం మెత్తగా ఉంటే సైజు ఒక మెట్టు దించాలి. రెండూ సరిపోయాక పూర్తి ప్రింటుకి ఇచ్చేటప్పుడు, ఆర్డర్ చీటీ మీద ‘కరెక్షన్ వద్దు’ అని రాయించాలి. లేకపోతే ల్యాబ్ సాఫ్ట్‌వేర్ తనంతట తాను వెలుగు, రంగు సర్దేసి, గోడ మీద పరీక్షించిన ముక్కకీ చేతికొచ్చిన ప్రింటుకీ పోలిక లేకుండా చేయగలదు.